వాషింగ్ మెషిన్‌లోకి నీళ్లు రాకపోతే ముందు జాలీ చూడండి

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు పై అంతస్తు. ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగించినప్పటి నుంచి మా ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్‌లోకి నీళ్లు రావడం లేదు. స్టార్ట్ నొక్కితే తలుపు లాక్ పడుతుంది, వెనుక సన్నగా గుయ్‌మనే శబ్దం వస్తుంది, కాసేపటికి ఎర్రర్ కోడ్ చూపించి ఆగిపోతుంది. బాత్రూం కుళాయిలో నీళ్లు బాగానే వస్తున్నాయి. మెషిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు పోయి ఉంటుందని మెకానిక్ ఫోనులోనే చెప్పారు. మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. మీరు విన్న ఆ శబ్దం, మెషిన్‌లోకి నీళ్లు వదిలే ఇన్‌లెట్ వాల్వ్‌లోని కాయిల్‌ది, అంటే కరెంటు అందగానే వాల్వ్‌ను తెరిచే తీగచుట్టది. తలుపు లాక్ పడి, కాయిల్ మోగుతోందంటే బోర్డు తన పని చేసి వాల్వ్‌కు కరెంటు పంపుతోందన్నమాట. నీళ్లు నిర్ణీత సమయంలో చేరకపోతే ఎల్‌జీ యంత్రాలు ఐఈ అని, శాంసంగ్‌వి 4ఈ లేదా 4సీ అని చూపుతాయి. అది నీళ్లు అందలేదన్న సమాచారమే తప్ప, బోర్డు చెడిందన్న తీర్పు కాదు.

ట్యాంకు కడిగాక అడుగున కదిలిన ఇసుక, తుప్పు రేణువులు పైపులోకి దిగి, మెషిన్ వెనుక పైపు బిగించే చోట ఉండే చిన్న జాలీలో చిక్కుకోవడం చాలా మామూలు. ప్లగ్ తీసి, కుళాయి కట్టేసి, పైపు విప్పండి. పట్టకారుతో జాలీని మెల్లగా బయటికి లాగి పాత టూత్‌బ్రష్‌తో కడగండి. బోరు నీళ్ల వల్ల తెల్లటి పొర పట్టి ఉంటే కాసేపు నిమ్మరసంలో నానబెట్టండి. కొన్ని పైపులకు కుళాయి వైపు కూడా మరో జాలీ ఉంటుంది, దాన్నీ చూడండి. అడ్డుగా ఉందని జాలీని తీసిపారేసి నడపడం మాత్రం వద్దు. ఇసుక వాల్వ్‌లో ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోక, మెషిన్ ఆపేసి ఉన్నా డ్రమ్ములోకి నీళ్లు కారుతూనే ఉంటాయి.

జాలీ తిరిగి పెట్టేముందు పైపు చివరను బకెట్‌లో ఉంచి కుళాయి తిప్పండి. ధార సన్నగా ఉంటే అసలు సమస్య పీడనమే. ఫ్రంట్ లోడ్ యంత్రాలకు మోడల్‌ను బట్టి కనీసం 0.3 నుంచి 1 బార్ వరకు పీడనం కావాలి, మీ మోడల్‌కు ఎంత కావాలో సూచనల పుస్తకంలో చూసుకోండి. నీటిమట్టం కుళాయి కన్నా 10 మీటర్లు ఎత్తులో ఉంటే సుమారు 1 బార్ వస్తుంది. పై అంతస్తు వారికి ట్యాంకు నెత్తిమీదే ఉంటుంది కాబట్టి 3 మీటర్ల ఎత్తుతో 0.3 బార్ దక్కడమే కష్టం. కుళాయి దారి వెడల్పు కనుక తక్కువ పీడనానికీ నీళ్లు పడతాయి, వాల్వ్ అలా కాదు. ఇదే కారణమని తేలితే చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకోవడం మంచి పరిష్కారం.

నీళ్లు లోపలికి పడుతున్న చప్పుడు వినిపిస్తూనే డ్రమ్ము నిండకపోతే అది వేరే సంగతి: డ్రెయిన్ పైపు చివర మరీ కిందికి ఉండి, వచ్చిన నీళ్లు వచ్చినట్టే బయటికి పోతున్నాయేమో చూడండి. చాలా మోడళ్లలో ఆ చివర నేలకు 60 సెంటీమీటర్లైనా పైన ఉండాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా నీళ్లు రాకపోతే మెకానిక్‌ను పిలిచి, ప్లగ్ తీసిన మెషిన్‌లో వాల్వ్ కాయిల్‌ను మల్టీమీటర్‌తో మీ ఎదుటే కొలవమనండి. సాధారణంగా అది కొన్ని వేల ఓమ్‌లు చూపుతుంది. ఏమీ చూపకపోతే కాయిల్ తెగినట్టు. సరిగ్గానే చూపినా నీళ్లు రాకపోతే వాల్వ్ లోపల బిగుసుకుపోయినట్టు. రెండింట్లోనూ మార్చాల్సింది వాల్వ్‌నే, బోర్డును కాదు.