వాహన సందేహాలు: ఆ ఉబ్బు అందమూ, ఈ ఉబ్బు వికారమూనా?

ప్రశ్న: నేను ఇటలీలోని ట్యూరిన్‌లో చదువుకుంటున్నాను. ఈ మధ్య ఒక వీధిలో పాత లాంచియా డెల్టా ఇంటెగ్రాలే, తొలినాటి ఫియట్ మల్టిప్లా పక్కపక్కనే ఆగి ఉన్నాయి. నా మిత్రులు మొదటిదాని ముందు ఫొటోలు దిగి, రెండోదాన్ని చూసి నవ్వారు. ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే ఏది మెరుగు?
– ఒక పాఠకుడు, ట్యూరిన్

జవాబు: రెండూ ఒకే గూటి పక్షులు, లాంచియా 1969లోనే ఫియట్ చేతికి వచ్చింది. పైగా డెల్టా పుట్టుకతో ర్యాలీ పందేల కారేమీ కాదు, ఇటలీ కార్ల రూపకర్త జుజారో రూపకల్పనలో 1979లో వచ్చిన ఐదు తలుపుల కుటుంబపు కారు. ప్రాణాలు తీసిన ప్రమాదాల తరువాత గ్రూప్ బి అనే అతి శక్తివంతమైన ర్యాలీ కార్ల తరగతిని 1986తో ఆపివేసి, ఏడాదిలో కనీసం 5,000 తయారైన మోడళ్లకే ప్రపంచ ర్యాలీలలో పెద్దపీట వేయడంతో, లాంచియా ఈ కారుకే రెండు లీటర్ల టర్బో ఇంజన్, ఫోర్ వీల్ డ్రైవ్ అమర్చి బరిలోకి దింపింది. 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరేళ్లు తయారీదారుల టైటిల్ దానిదే.

అయితే వెడల్పు టైర్లు పట్టక చక్రాల పై అంచులను ఉబ్బించారు, 16 వాల్వుల ఇంజన్ పట్టక 1989లో బానెట్‌ను ఎత్తు చేశారు. మీ మిత్రులు ముచ్చటపడిన ఆ కండలన్నీ చోటు చాలక పెరిగినవే.

మల్టిప్లా ఆకారానికీ మూలం చోటే. 1998లో వచ్చిన ఈ కారులో, పొడవు నాలుగు మీటర్లు దాటకుండానే, వెడల్పును సుమారు 1.87 మీటర్లకు పెంచి, ముందు ముగ్గురిని, వెనుక ముగ్గురిని కూర్చోబెట్టారు. మన ప్రీమియర్ పద్మిని, అదీ ఫియట్ సంతతే, ముందు సీటులో ముగ్గురు సర్దుకు కూర్చున్న రోజులు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. అప్పట్లో గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉండేది. మల్టిప్లాలో దాన్ని డ్యాష్‌బోర్డు మీదికి ఎక్కించి, మధ్యలో కూర్చున్నవారి కాళ్లకు అడ్డు లేకుండా చేశారు, ఆరుగురికీ విడివిడి సీట్లు ఇచ్చారు. ముందు అద్దం అడుగున కనిపించే ఆ మడత మాత్రం అవసరం కన్నా రూపకర్త సాహసమే అనాలి. 2004లో దాన్ని తీసేసి ముఖాన్ని మామూలు చేశారు. నాకది పిరికితనంగానే తోస్తుంది.

వేగం, పట్టు, మలుపులో నిలకడ కొలమానాలైతే పోలికే లేదు, డెల్టాదే పైచేయి. కానీ మీరు అడిగింది ఇంజనీరింగ్ గురించి కనుక నా ఓటు మల్టిప్లాకే: డెల్టా నిపుణులు ఉన్న కారును ఏళ్ల తరబడి సానపట్టారు, మల్టిప్లావారు కారులో మనుషులు ఎలా కూర్చోవాలన్న దగ్గరి నుంచే మొదలుపెట్టారు. ఎవరైనా ఎక్కించుకుంటామంటే, ముందు వరసలో మధ్య సీటు అడిగి మరీ కూర్చోండి.