మీరు అడిగారు – మేం చెప్తున్నాం: పక్కింట్లో పండుగ, ఒకరోజు ముందే ఎందుకు?

ప్రశ్న: మేడమ్ గారూ, మా అపార్ట్‌మెంట్‌లో కింద ఫ్లోర్‌లో దావూదీ బోహ్రాల ఫ్యామిలీ ఉంటారు. రంజాన్ పండుగకి స్వీట్ బాక్స్ పట్టుకుని వెళ్తే, మాకు నిన్ననే అయిపోయిందండీ అని నవ్వారు, పై ఫ్లోర్ ముస్లింలకేమో ఆ రోజే పండుగ. ఒకే పండుగకి రెండు రోజులేంటి? వచ్చే ఏడు భోజనానికి రమ్మన్నారు, అక్కడ ఎలా మసలుకోవాలో కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ పై ఫ్లోర్ వాళ్ళు బహుశా సున్నీలై ఉంటారు. వాళ్ళు ఉపవాసాల 29వ రోజు సాయంత్రం ఆకాశం వైపు చూస్తారు, నెలవంక కనబడితే తెల్లారి పండుగ, కనబడకపోతే 30 పూర్తిచేసి ఆ మర్నాడు. బోహ్రాలు షియాల్లో ఇస్మాయిలీ శాఖ వాళ్ళండీ, వాళ్ళకి ఈ చూడటం అనేదే లేదు, ఒకప్పుడు ఈజిప్టుని ఏలిన ఫాతిమీ ఖలీఫాల నాటి లెక్కనే ఇప్పటికీ పాటిస్తారు, దాన్ని మిస్రీ క్యాలెండర్ అంటారు. మొదటి నెలకి 30, తర్వాతదానికి 29, మళ్ళీ 30, ఇలా పోతుంది, రంజాన్ తొమ్మిదోది కాబట్టి వాళ్ళకి ఎప్పుడూ 30 ఉపవాసాలే. మొత్తం 354 రోజులు వస్తాయి గానీ చంద్రుడి ఏడాది అంతకంటే కాస్త పెద్దది, ఆ మిగిలింది సర్దడానికి 30 ఏళ్ళలో 11 సార్లు ఆఖరి నెలకి ఒక రోజు కలుపుతారు. ఈ లెక్కలో నెల ఇంచుమించు అమావాస్య దగ్గరే మొదలైపోతుంది, నెలవంక కంటికి కనబడాలంటే ఇంకాస్త టైం పట్టాలి కదా, అందుకే వాళ్ళ పండుగ మామూలుగా ఒకరోజు, ఒక్కోసారి రెండ్రోజులు ముందు పడుతుంది. మనం మాత్రం తక్కువా, పూర్వ పంచాంగం వాళ్ళు ఒకరోజు, దృక్ పంచాంగం వాళ్ళు ఇంకోరోజు చెప్పి పండుగ ఎప్పుడో తేలక వాట్సాప్‌లో కొట్టుకోమూ! వాళ్ళకి ఆ గొడవే లేదు, పదేళ్ళ తర్వాతి పండుగ తేదీ కూడా ఇప్పుడే చెప్పేస్తారు. అంచేత ముందే అడిగి తెలుసుకుని వాళ్ళ రోజునే ఈద్ ముబారక్ చెప్పండి.

ఇక భోజనం. ఎవరి ప్లేటు వాళ్ళకి పెట్టరు, థాల్ అని పెద్ద గుండ్రటి పళ్ళెం చుట్టూ ఎనిమిది మంది దాకా కింద కూర్చుని అందరూ అందులోనే తింటారు. మొదట చేతులు కడిగిస్తారు, తర్వాత చిటికెడు ఉప్పు నాలిక మీద వేసుకుంటారు, ఆపైన స్వీటు, తర్వాత కారం, మళ్ళీ స్వీటు, మళ్ళీ కారం, చివర్లో మళ్ళీ ఉప్పు. మొదటే స్వీటా అని మొహం పెట్టకండి. మీ వైపున్నదే తినండి, మెతుకు వదలొద్దు, ఆ విషయంలో చాలా పట్టింపు వాళ్ళకి. తలమీద కొంగో చున్నీయో ఉంటే బాగుంటుంది. శాకాహారులైతే పిలిచినప్పుడే చెప్పేయండి, మొహమాటపడి థాల్ దగ్గర కూర్చున్నాక చెప్తే ఇద్దరికీ ఇబ్బంది.

ఇంకోటి, వాళ్ళ ఏడాదిలో మొదటి నెల మొహర్రం, అది మొదలయ్యే ముందురోజు రాత్రి కొత్త సంవత్సరమని థాల్ నిండా రకరకాల వంటలతో ఇంటిల్లిపాదీ కూర్చుంటారు, అది చూసి మర్నాడూ ఆ తర్వాతా హ్యాపీ మొహర్రం అని మెసేజ్ పెట్టేరు! ఆ నెల రెండో తేదీ నుంచి పదో తేదీ దాకా, 680లో ఇరాక్‌లోని కర్బలాలో చనిపోయిన ప్రవక్త మనవడు ఇమామ్ హుస్సేన్‌ని తల్చుకుని ప్రవచనాలు వింటూ ఏడ్చే రోజులు, చాలామంది షాపులు కూడా మూసేస్తారు. ఆ రోజుల్లో భోజనాల సంగతి ఎత్తకండి.