విమానంలో మండే ద్రవం: డిక్లరేషన్ ఎందుకు తిరిగొస్తుంది?

ప్రశ్న: ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నమూనా, లీటరు సీసాలు నాలుగు, హైదరాబాద్ నుంచి జర్మనీకి విమానంలో పంపాలి. డిక్లరేషన్ (ప్రమాదకర సరుకు వివరాలు రాసి విమాన సంస్థకు ఇచ్చే ఫారం) రెండుసార్లు వెనక్కి వచ్చింది. తప్పెక్కడ? - ఒక పాఠకుడు, జీడిమెట్ల

జవాబు: చాలాసార్లు తప్పు పేరు దగ్గరే ఉంటుంది. వ్యాపార నామమో, ‘సాల్వెంట్’ అనో రాస్తే చెల్లదు. వరుస కూడా మారకూడదు: ముందు యూఎన్ 1219 (ఈ పదార్థానికి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన సంఖ్య), తర్వాత ‘ఐసోప్రొపనాల్’ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కే మరో పేరు), ఆపై క్లాసు 3 (మండే ద్రవాలు), ప్యాకింగ్ గ్రూపు (ప్రమాద తీవ్రత స్థాయి) రోమన్ అంకెల్లో రెండు. అంకెకు ముందు ‘యూఎన్’ అక్షరాలు వదిలేసినా తిప్పి పంపేస్తారు. ఈ వివరాలన్నీ సేఫ్టీ డేటా షీటు (తయారీదారు ఇచ్చే భద్రతా వివరాల పత్రం) 14వ భాగంలో ఉంటాయి. పాత షీటు చూసి రాయకండి.

పరిమాణం గడిలో పెట్టెతో కలిపిన బరువు కాదు, ద్రవం నికర పరిమాణం రాయాలి: ఒక ఫైబర్‌బోర్డు పెట్టె, 4 లీటర్లు. ప్రయాణికుల విమానంలో ప్యాకేజీకి 5 లీటర్లే హద్దు, ప్యాకింగ్ ఇన్‌స్ట్రక్షన్ (ఎలా ప్యాక్ చేయాలో చెప్పే నియమం) 353. సరుకు విమానమైతే 364, హద్దు 60 లీటర్లు. ఏ విమానమో తేల్చుకుని, వర్తించని మాటను ఫారంలో కొట్టేయాలి. ‘రేడియోయాక్టివ్’ అన్న మాటనూ అలాగే. ఇది మరచిపోయేవాళ్లు బోలెడుమంది.

ఫారం అంచుల్లో ఎర్రటి ఏటవాలు గీతలు ఉండాలి. నలుపు తెలుపు జిరాక్సు పనికిరాదు. దిద్దుబాటు చేస్తే, కింద సంతకం చేసినవారే అక్కడా అదే సంతకం పెట్టాలి. ఎయిర్‌వేబిల్లులో (విమాన సరుకు రవాణా పత్రంలో) డిక్లరేషన్ ప్రస్తావన మరవద్దు.

ఓడలో అయితే ఫ్లాష్ పాయింటూ (ద్రవం ఆవిరి అంటుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత) రాయాలి.