చిగురేసిన దేవగన్నేరు కొమ్మలు కుళ్లిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: కడియం దగ్గర మాకు చిన్న నర్సరీ ఉందండి. జులైలో 200 దేవగన్నేరు కొమ్మలు కోసి, అదే రోజు వేళ్లు రావడానికి వాడే హార్మోన్ పొడి అద్ది కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కవర్లలో పెట్టాం. రోజూ తడిపాం. నెలకి చిగుళ్లు వచ్చాయి, ఆ తర్వాత అడుగు నల్లబడి మెత్తగా అయిపోతున్నాయి. తురాయి కొమ్మలైతే ఒక్కటీ బతకలేదు.

జవాబు: చిగురు చూసి వేరు పట్టిందనుకున్నారు, మోసం జరిగింది అక్కడేనండి. దేవగన్నేరు కొమ్మ లావుగా, కండగా ఉంటుంది కదా, తనలో దాచుకున్న నీటితోనే వేరు లేకుండా కూడా ఆకు వేసేస్తుంది. మీరేమో పచ్చి గాయాన్ని తడి కోకోపీట్‌లో పెట్టి పైగా రోజూ నీళ్లు పోశారు, అది వానాకాలం కూడాను, కుళ్లు తెగులు పట్టకుండా ఎలా ఉంటుంది? దీనికి హార్మోన్ ఏమీ చేయలేదు.

ముందు మిగిలినవి కాపాడుకోండి. ఒక్కో కొమ్మ పీకి, నల్ల మచ్చ పూర్తిగా పోయి లోపల తెల్లగా కనబడి పాలు కారేదాకా పైకి కోస్తూ వెళ్లండి. ప్రతి కోతకీ కత్తిని స్పిరిట్‌తో తుడవాలి. కారిన పాలు కడిగేసి, పెద్ద ఆకులు తుంచి, వాన తగలని నీడలో 10 నుంచి 15 రోజులు వదిలేయండి. ఎండిపోతాయని టెన్షన్ పడకండి, కోసిన చోట గట్టిగా పొర కట్టడమే మనకి కావాలి. పాలు కంట్లో పడితే చాలా మంట, జాగ్రత్త.

తర్వాత రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి కలిపి 3, 4 అంగుళాల లోతున పెట్టి, కదలకుండా పుల్లకి కట్టండి, ఎందుకంటే కొమ్మ ఊగితే లేత వేళ్లు తెగిపోతాయి. పెట్టినప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (తెగులు మందు) కలిపి ఒకసారి పోయండి. ఆ తర్వాత మట్టి బాగా ఆరితేనే కాస్త తడి. వేళ్లు రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

వచ్చే ఏడాది మాత్రం ఆకు రాలి ఉన్న ఫిబ్రవరి, మార్చిలో, బూడిద రంగు బెరడున్న అడుగు పొడవు కొమ్మలే కోయండి. ఏడాదంతా ఆకు నిలిచే గుండ్రటాకు తెల్ల రకం అంత సులువుగా వేరు పట్టదు, అది కొన్నే పెట్టి చూడండి.

తురాయికి కొమ్మల జోలికి వెళ్లకండి, గింజే సులువు. మరిగించి దించిన నీళ్లు గింజల మీద పోసి 24 గంటలు వదిలేయండి, ఉబ్బినవి విత్తుకోండి.