పంటి రిపోర్టు ఒక్కటే ఉంటే బీమా క్లెయిమ్ నిలుస్తుందా?

ప్రశ్న: మా అన్న లారీ డ్రైవర్. అయిదు నెలల కింద రాత్రిపూట హుజూరాబాద్ దాటాక లారీ తగలబడింది. క్యాబిన్‌లో దొరికిన మృతదేహం గుర్తుపట్టేలా లేదు. అన్న హన్మకొండలో రూట్ కెనాల్ చేయించుకున్నప్పటి ఎక్స్‌రేతో పోల్చి, అది ఆయనేనని దంత నిపుణుడు రిపోర్టు ఇచ్చాడు. ఎముకల్లో డీఎన్‌ఏ దొరకలేదట. బీమా కంపెనీవాళ్లేమో ‘డీఎన్‌ఏ తెండి, లేదా ఏడేళ్లు ఆగండి’ అంటున్నారు. వదినకు ఇద్దరు చిన్నపిల్లలు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: ముందు ఆ ఏడేళ్ల టెన్షన్ వదిలేయండి. మనిషి బతికున్నాడో లేడో ఎవరికీ తెలియక, ఏడేళ్లు జాడ లేనప్పుడు వాడేది భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షన్ (పాత చట్టంలో 108). మీ దగ్గర మృతదేహం దొరికింది, పంచనామా అయింది, పోస్ట్‌మార్టం అయింది. ఆ సెక్షన్‌తో మీకు పనే లేదు.

డీఎన్‌ఏ ఉంటేనే గుర్తింపు అని ఏ చట్టమూ అనలేదు. ఇంటర్‌పోల్ వేలిముద్రలు, దంతాలు, డీఎన్‌ఏ మూడింటినీ ప్రధాన ఆధారాలుగా ఒకే వరుసలో పెడుతుంది. 2004 సునామీ తర్వాత థాయ్‌లాండ్‌లో ఎంతోమందిని పళ్లతోనే గుర్తుపట్టారు. ఒంట్లో అన్నిటికన్నా గట్టిది పంటి ఎనామిల్. చేతివేళ్లు మాడిపోయే మంటలో కూడా బుగ్గల చాటున ఉండే దవడపళ్లు చాలాసార్లు నిలుస్తాయి. మన కోర్టుల్లో ఈ రిపోర్టు అదే చట్టం 39వ సెక్షన్ కింద నిపుణుడి అభిప్రాయం. పైగా ఇది క్రిమినల్ కేసు కాదు, అనుమానానికి తావే లేకుండా రుజువు చేయనక్కర్లేదు. ఏ వాదన ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు, అంతే.

మరి కంపెనీ వకీలు ఎక్కడ పట్టుకుంటాడు? పాత ఎక్స్‌రే దగ్గర. ‘ఇది ఆయనదేనని ఏమిటి గ్యారంటీ?’ అంటాడు. మీరు పంపిన క్లినిక్ చీటీ చూశాను. దాని మీద ‘శీను, 35’ అని తప్ప ఇంకేమీ లేదు, ఫోన్ నంబర్ కూడా రాయలేదు. ఆధార్‌లో శ్రీనివాస్. పన్ను నొప్పికి ఆధార్ పట్టుకుని ఎవరు పోతారు? కానీ కోర్టులో ఆ సందు చాలు. ఈ వారంలోనే క్లినిక్‌కు వెళ్లండి. రిజిస్టర్‌లో ఆ పేజీ, కేస్ షీట్, క్యాప్ చేసిన ల్యాబ్ బిల్లు, ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ రసీదు, ఏది దొరికితే అది కాపీ తీసుకోండి. శీను, శ్రీనివాస్ ఒక్కరేనని, వైద్యం చేసింది తానేనని డాక్టర్ చేత అఫిడవిట్ రాయించండి. ఎక్స్‌రే కంప్యూటర్‌లో ఉంటే, కంప్యూటర్ రికార్డును సాక్ష్యంగా పెట్టడానికి కావాల్సిన 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. చాలా క్లినిక్‌లు పాత ఫైళ్లు ఎక్కువ కాలం దాచవు, అందుకే తొందరపెడుతున్నాను.

తర్వాత నిపుణుడి రిపోర్టులో మాట ఎలా ఉందో చదవండి. ‘సరిపోలింది’ అనడం వేరు, ‘సరిపోలే అవకాశం ఉంది’ అనడం వేరు. కింది దవడపంటికి క్యాప్ ఉందని మాత్రమే రాస్తే లాభం లేదు, అలాంటి క్యాప్ ఎంతమందికి లేదు! పంటి వేరు లోపల నింపిన మందు ఎంత పొడవు దిగింది, ఏ వంపు తిరిగింది, పక్క పన్ను ఎటు ఒరిగింది, ఇవి రెండు ఎక్స్‌రేల్లోనూ ఒకేలా ఉన్నాయని రాయాలి. ఇన్ని గుర్తులు కలవాలన్న లెక్కేమీ లేదు, వివరం గట్టిదైతే ఒక్క పన్నైనా సరిపోతుంది. రిపోర్టు ముక్తసరిగా ఉంటే, రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి అదనపు అభిప్రాయం తెప్పించమని దర్యాప్తు అధికారికి అర్జీ పెట్టండి. పంటి లోపలి గుజ్జులో డీఎన్‌ఏ వెతికారో లేదో అందులోనే అడగండి. ఎముకలో దొరకనిది ఒక్కోసారి అక్కడ దొరుకుతుంది.

పళ్ల సాక్ష్యం మీద విదేశాల్లో అనుమానాలున్నాయని అవతలివాళ్లు అనొచ్చు. ఆ అనుమానాలు చర్మం మీద పంటి గాట్ల గురించి. నిర్భయ కేసులో మన కోర్టులు ఆ గాట్ల నివేదికను కూడా పరిగణించాయి. ఎలాగైనా మీ కేసు అది కాదు, ఎక్స్‌రేను ఎక్స్‌రేతో పోల్చడం.

తోడుగా ఫాస్టాగ్ టోల్ వివరాలు, ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల ట్రిప్ షీట్, ఫోన్ టవర్ లొకేషన్, పళ్లు కనబడేలా నవ్విన ఫోటోలు పెట్టండి.

మరణ ధ్రువపత్రం తీసుకున్నారో లేదో రాయలేదు. అది నర్సంపేటలో కాదు, మరణం జరిగిన చోట నమోదు కావాలి. నెల దాటింది కాబట్టి పై అధికారి అనుమతి, ఆలస్య రుసుము ఉంటాయి. ఏడాది దాటనిస్తే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోవాలి.

చివరగా, కంపెనీ మాట నోటితో చెబితే ఒప్పుకోకండి, కాగితం మీద ఇమ్మనండి. ఆ తిరస్కరణ లేఖ వచ్చాక ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు, ఫీజు ఉండదు. వద్దనుకుంటే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, దానికి గడువు రెండేళ్లు.