లాన్‌లో తుంగ పోవాలంటే

అన్నా, గ్లైఫోసేట్ కలుపు మందు రెండుసార్లు కొట్టినా తుంగ మళ్లీ వచ్చింది, గరిక లాన్ మాత్రం మచ్చలు మచ్చలుగా ఎండిపోయిందన్నారు. ఆ మందు పచ్చగా ఉన్న దేన్నీ వదలదు, లాన్ మీద దాన్ని ఇక కొట్టకండి. తుంగకు అసలు బలం నేలలోని గడ్డల్లో ఉంది, పైన పీకితే ఆ గడ్డల నుంచే మళ్లీ మొలుస్తుంది.

చెరకు, మొక్కజొన్నల్లో తుంగకు వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం మందు అడగండి, బాగా వేరుపట్టిన గరికను అది చంపదు. ఎకరాకు 36 గ్రాములు, అంటే సెంటుకు అర గ్రాము కూడా పట్టదు, కాబట్టి చిన్న డిజిటల్ కాటా మీద తూచి సెంటుకు రెండు లీటర్ల నీళ్లలో కలపండి, చెంచా లెక్క వద్దు. తుంగ నాలుగైదు ఆకుల మీద ఉన్నప్పుడు కొట్టాలి. ముందు రెండు మూడు రోజులు, తర్వాత రెండు మూడు రోజులు గడ్డి కోయకండి, ఆకు ఉంటేనే మందు గడ్డ దాకా దిగుతుంది.

మన అనంతపురం గాలి సంగతి తెలుసు కదా, పొద్దున్నే గాలి లేనప్పుడే కొట్టండి, పక్కింటి టమాటా, గులాబీల మీద పడితే పాపం. గ్లౌజులు, మాస్కు తప్పనిసరి, ఆరేదాకా పిల్లల్ని అటు పంపొద్దు. వారంలో చావలేదని టెన్షన్ పడి మళ్లీ కొట్టకండి, పసుపెక్కి ఎండడానికి రెండు మూడు వారాలు పడుతుంది.