స్టార్ల చార్టు తీసెయ్యండి మేడమ్

మంచి పని చేస్తే స్టార్ అంటిస్తానంటే ఆరో తరగతి పిల్లలు స్టార్ల కోసమే కొట్టుకుంటున్నారని రాశారు. ముందు ఆ చార్టు గోడమీంచి తీసెయ్యండి.

మాది గోదారి మధ్య దీవుల్లోంచి, అంటే లంకల్లోంచి, పిల్లలొచ్చే బడి. గోదారికి వరదొస్తే పడవలాగిపోయి రోజుల తరబడి రాలేరు. తిరిగొచ్చాక నోట్సు లేక బిక్కమొహంతో వెనక కూర్చునేవారు. ఒక్కో లంక పిల్లకీ గట్టుమీది పిల్లని జత కట్టాను. రాని రోజుల పాఠం రాసిపెట్టడం, వచ్చాక లెక్కలు చెప్పడం వాళ్ల పని. మార్కుల్లేవు, చప్పట్లూ లేవు. జతలు నెలనెలా మార్చాలి, లేదంటే స్నేహితులు స్నేహితులకే చేసుకుంటారు. ఎవరితోనూ మాట్లాడని ఒక పిల్లాడు, నేను చెప్పకుండానే, వానకి తడిసిన జతగాడి పుస్తకాలకి అట్టలేసి తెచ్చాడు. ఆ రోజు నాకు కళ్లనీళ్లాగలేదు.

బడి వదిలేముందు ‘ఇవాళ నీకెవరు సాయం చేశారు?’ అని అడగండి. ‘నువ్వేం చేశావు?’ అంటే గొప్పలు మొదలవుతాయి.

మన ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి పేరైన డొక్కా సీతమ్మగారు (1841–1909) లంకల గన్నవరం ఆవిడే. ఆకలితో వచ్చినవాళ్లకి ఆవిడ అన్నం పెట్టిన సంగతి చెప్పి, ఒకరోజు వడ్డన పిల్లలకే అప్పగించండి. వేడి సాంబారు మాత్రం వంటమ్మగారే వడ్డించాలి.